బీగంచెవి పుచ్చుకోని ఇంటాయన

బాడుగింట్లో చేరడానికి పడే తిప్పలు అందరికీ తెలిసినవే. బాడుగిల్లు వదిలి బయటపడడానికి తిప్పలు పడినవాళ్ళు ఎంతమంది ఉంటారో నాకు తెలియదు. మేము పడ్డాం. ఇంటివాళ్ళు సామాన్లు వీధిలో పారేశారని ఏడ్చినవాళ్ళను చూశాను. మా ఇంటాయన మమ్మల్ని వీధిలోకి పోనిస్తే చాలునని నేను ఏడ్చాను. ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది గాని, అప్పుడు ఆయన దగ్గు వినబడితే చాలు, నాకు ఒళ్ళు మండేది.

కొత్త పైసలు వచ్చిన ఏడాది అది. తిరుత్తణి అప్పటికింకా ఆంధ్రలోనే ఉంది, తిరువళ్ళూరు మద్రాసు రాష్ట్రంలో ఉంది. మా ఆయన తిరుత్తణి స్టేషన్లో పార్సెలు గుమాస్తా. క్వార్టర్సు వరసలో మా పేరు ఎక్కడో తోకన ఉండడంతో, కొండ మీది గుడికి పోయే దారికి రెండు వీధుల అవతల ఒక ఇంట్లో సగం బాడుగకు తీసుకున్నాం. ఒకే కప్పు, మధ్యన ఒక గోడ. గోడకు అటు ఇంటాయన, ఇంటామె. ఇటు నేను, మా ఆయన, మా అత్త. బావి ఒకటే, పెరడు ఒకటే, వీధి తిన్నె ఒకటే. తిన్నె మీద పొద్దున లేచింది మొదలు ఇంటాయనే ఉండేవాడు కాబట్టి అందులో మాకు వాటా లేనట్టే.

ఇంటాయన ఒక వకీలు దగ్గర ముప్పై ఏళ్ళు గుమాస్తాగా పనిచేసినవాడు. వకీలు కాలం చేశాడు గాని ఈయనకు కోర్టు వదల్లేదు. పిల్లి పాలు తాగినా సాక్షి ఎవరని అడిగేవాడు. మేము చేరిన రోజున స్టాంపు కాగితం మీద షరతులు రాసి మా ఆయన చేత సంతకం పెట్టించాడు. మా ఆయన చదవకుండానే పెట్టేశాడు. నేను తర్వాత చదివాను. గోడకు మేకు కొట్టరాదు. పొద్దు గూకినాక రోకటి చప్పుడు వినబడరాదు. పెరట్లో కరివేపాకు రోజుకు మూడు రెమ్మలకు మించి కోయరాదు. నాలుగో రెమ్మ కోసిన రోజున ఆయన తిన్నె మీద నుంచే కేకేసేవాడు. గోడలు దాటి ఆ రెమ్మ ఆయనకెట్లా కనబడేదో నాకు ఈనాటికీ తెలియదు.

ఒక సంగతి ఇక్కడే చెప్పాలి. ఆ ఇల్లు ఇంటాయనది కాదు. ఇంటామెకు పుట్టింటివాళ్ళు పెళ్ళిలో పసుపు కుంకుమ కింద ఇచ్చినది. ఆ మాట ఆయన దాచేవాడు కాదు, పైగా గొప్పగా చెప్పుకునేవాడు. "ఇల్లు ఆమెది. ముప్పై ఏండ్లుగా నేను వట్టి కావలోడినమ్మా," అని వచ్చినవాళ్ళందరి ముందూ అనేవాడు. నెల పుట్టగానే బాడుగ మాత్రం కావలివాడి చేతిలోనే పడేది. ఆయన లోపలికి పోయి, కాసేపటికి రసీదు తెచ్చి ఇచ్చేవాడు. రసీదు రాత ఆయనది, కింద రెవిన్యూ బిళ్ళ మీద సంతకం ఇంటామెది. ఆమెకు ఆ సంతకం తప్ప ఇంకో అక్షరం రాదు. అదీ కాగితం మీద పడిపోతున్నట్టు వంకరగా ఉండేది. మా ఆయన ప్రతి రసీదునూ మడతపెట్టి ట్రంకుపెట్టెలో అడుగున దాచేవాడు. కాగితం చిన్నదైనా పెద్దదైనా పారేయకపోవడం ఆయన జబ్బు.

వైశాఖంలో మా ఆయనకు తిరువళ్ళూరు బదిలీ అయింది. డ్యూటీ ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. రోజూ వచ్చిపోవడం కుదరదు. పార్సెలాఫీసులో మూటల పక్కనే పడుకుని, హోటల్లో తిని, పది రోజులకొకసారి ఇంటికి వచ్చేవాడు. వచ్చిన ప్రతిసారీ చొక్కా వదులవుతూ ఉండేది. కడుపునొప్పి. హోటలు సాంబారు పేరు చెబితేనే మొహం తిప్పుకునేవాడు. నాకు దుఃఖం ఆగేది కాదు. ఇరవై ఏళ్ళ దాన్ని, పెళ్ళై మూడేళ్ళు, మొగుణ్ణి చూస్తే జాలి పడాల్సిన వయసా అది?

అక్కడ వీరరాఘవస్వామి గుడి వీధిలో ఒక ఇల్లు కుదిరింది. చిన్నదే, కాని మొత్తం మాకే. ఇంటి యజమానురాలు ఒక అరవ ముసలమ్మ. ఆమె పెట్టిన షరతు ఒక్కటే. అరవ నెలల లెక్కన ఆణి పోయి ఆడి పుట్టేలోగా వచ్చి పాలు పొంగించాలి. మన ఆషాఢంలో లాగే ఆడిలో ఎవరూ ఇల్లు మారరు. అన్నాళ్ళు ఇల్లు దీపం లేకుండా ఉంచడం ఆమెకు ఇష్టం లేదు. అప్పటికి రాకపోతే అడిగిపెట్టుకున్న ఇంకొకరికి ఇచ్చేస్తానంది. నాకు కావలసిందీ అంతే. ఆడి పుట్టేలోగా ఆ ఇంట్లో పొయ్యి వెలిగించి మా ఆయన కడుపులో ఇంత ఇంటి అన్నం పడెయ్యాలి.

మా ఆయన ఇంటాయన దగ్గరికి పోయి ఖాళీ చేస్తామని చెప్పాడు. నోటిమాట చెల్లదన్నాడు ఇంటాయన.

"నెల ముందర నోటీసు రాసియ్యవల్లబ్బా. అదీ పద్ధతి."

మా ఆయన రాసుకొచ్చాడు. ఇంటాయన కళ్ళజోడు పెట్టుకుని చదివి మొహం చిట్లించాడు.

"ఇదేందబ్బా, పెండ్లి పత్రిక మాదిరి రాసుకొచ్చినావు? నోటీసు చదివితే అవతలోడికి గుండె జారవల్ల."

కాగితం తీసుకుని తనే రాయడం మొదలుపెట్టాడు. ఒకటి రాసి చింపాడు. రెండోది రాసి కొట్టేశాడు. మూడోది పైకి రెండుసార్లు చదువుకుని తల ఊపాడు. అందులో ఆయన మాకు చేసిన అన్యాయాలన్నీ వరుసగా ఉన్నాయి, కరివేపాకుతో సహా. మా ఆయన చేత సంతకం పెట్టించి, నాలుగు మడతలు పెట్టి, తిరిగి మా ఆయన చేతిలోనే పెట్టాడు.

"రొంబ బాగా వచ్చినాది. దీన్ని నేను తీసుకోను."

"ఏంటికయ్యా?"

"తీసుకుంటే నాకే నష్టం. ఎంత గట్టిగా ఉండాదో చూస్తివి కదా."

మా ఆయన దాన్ని రిజిస్టరు పోస్టులో పంపాడు. పోస్టుమాన్ తిన్నె దగ్గరికి రాగానే, "అందులో ఏముండాదో నాకు తెలుసు, రాసింది నేన్దా," అని ఇంటాయన తిప్పి పంపేశాడు.

అసలు కారణం బావి దగ్గర ఇంటామె చెప్పింది. ఆ రోజుల్లో ఇల్లు ఖాళీ అయితే సర్కారుకు తెలపాలి. ఇల్లు కావలసిన ఉద్యోగి ఎవరైనా ఉంటే వాళ్ళు ఆయనకు ఇప్పిస్తారు. ఊళ్ళో ఒక శానిటరీ ఇన్‌స్పెక్టరు ఇల్లు దొరక్క సత్రంలో ఉంటున్నాడు. ఆ ఇన్‌స్పెక్టరే అంతకు ముందు ఏడు వచ్చి, మా పెరటి కాలువ కంపు కొడుతోందని ఇంటాయనకు కాగితం ఇచ్చి పోయాడు. కోర్టు మెట్లన్నీ ఎక్కి దిగిన మనిషికి కంపు కాలువ మీద కాగితం వచ్చిందని ఇంటాయన మూడు రోజులు అన్నం సరిగ్గా తినలేదట.

"మీరు పోతే ఆ మనిషి వచ్చి మా కాలువ పక్కనే కాపురం పెడతాడని ఈయనకు దిగులు పాపా," అంది ఇంటామె చేద పైకి లాగుతూ.

"కాలువ బాగు చేయిస్తే పోదా అక్కా?"

"అట్లంటే ఓడిపొయ్యినట్టు కదా," అందామె.

అంటే, కాగితం మీద మేము అక్కడే ఉండాలి. ఇల్లు మా పేరిట ఉన్నంతకాలం ఇన్‌స్పెక్టరు రాలేడు. అందుకు ఇంటాయన పట్టుకున్న కొమ్ము మా వాటా తాళం తీసే బీగంచెవి. "నా చేతికి బీగంచెవి రాకపోతే ఇల్లు మీ స్వాధీనంలో ఉన్నట్టే. మీరు తిరువళ్ళూరులో కాపురం చేసినా, కాశీలో కాపురం చేసినా, చట్టం కంటికి ఈడనే ఉండారు," అన్నాడు.

"అట్లయితే ఆ చట్టానికే ఇంత అన్నం వండిపెట్టమనండయ్యా మా ఆయనకి," అన్నాను నేను తలుపు చాటు నుంచి. మా అత్త నా మోచేయి గిల్లింది.

తిన్నె మీద బీగంచెవి పడేసి పోవచ్చు కదా అని మీరనొచ్చు. నేనూ అన్నాను. మా ఆయనకు ఆ ధైర్యం లేదు. "కోర్టు నోటీసు ఆంధ్రాలో పుట్టినా, మద్రాసులో మీ స్టేషన్‌మాస్టరు చేతిలోనే పడుతుందబ్బా," అని ఇంటాయన ఒక్క మాట అన్నాడు. దాంతో మా ఆయనకు ఉన్న కడుపునొప్పి రెండింతలైంది. అయినా ఒకసారి నేనే తెగించి చెవిని తిన్నె మీద పెట్టి వచ్చాను. తెల్లారేసరికి అది మా కిటికీ కమ్మీకి దారంతో వేలాడుతోంది.

ఇక చేతికి ఇవ్వడమే మిగిలింది. మా ఆయన సెలవు దొరికినప్పుడల్లా వచ్చి ఇవ్వబోయేవాడు. శనివారం వచ్చాడు. శనివారం ఇనుము ఇంటికి తీసుకోకూడదన్నాడు ఇంటాయన. అది నిజంగా ఇనప చెవే, జానెడు పొడుగు, మెడకు కట్టుకుని బావిలో దూకడానికి పనికొచ్చేంత బరువు. మంగళవారం వచ్చాడు. మంగళవారం పుచ్చుకున్నది పోరు తెస్తుందన్నాడు. ఆదివారం సాయంత్రం రాహుకాలం. గురువారం ఇంటాయన మడికట్టుకుని ఉన్నాడు, ఏదీ ముట్టడు. ఆయన మడికట్టుకోవడం అంతకు ముందు నేనెప్పుడూ చూడలేదు. బుధవారం పొద్దున పరుగెత్తుకొచ్చాడు మా ఆయన రాత్రంతా డ్యూటీ చేసి. ఇంటాయన పొలం చూడడానికి పోయాడట. ఆయనకు పొలం లేదు.

ఇందులో నా ప్రాణం తీసింది మా అత్త. ఇంటాయన చెప్పే ప్రతి సాకూ ఆమెకు వేదవాక్కు.

"అవునే, శనివారం ఇనుము తీసుకోరు. మా ఇంట్లో కూడా తీసుకోరు."

"అత్తా, మీరు ఎవరి పక్క?"

"పక్క ఏందే? శాస్త్రం చెప్తా ఉండా."

ఆయన చెప్పడం మరిచిపోయిన నిషేధాలు కూడా ఈవిడ గుర్తుచేసేది. ఒక సోమవారం ఇంటాయన ఏ సాకూ తోచక నీళ్ళు నములుతుంటే, "ఇయ్యాల అమావాస కదయ్యా," అని మా అత్తే అందించింది. ఇంటాయన ఆమెకు చేతులెత్తి దణ్ణం పెట్టాడు.

ఈలోగా నేను సామాన్లు పంపించడం మొదలుపెట్టాను. మా ఆయనకు పార్సెలాఫీసే కదా. తిరుత్తణిలో మూట కట్టి, చీటీ అంటించి, డబ్బు కట్టి బండిలో వేస్తే, తిరువళ్ళూరులో ఆయనే దించుకుని ఆఫీసులో ఒక మూలన పెట్టుకునేవాడు. రోజుకొక మూట. ఇంటాయన అడ్డుపడతాడేమోనని నేను ప్రతిదానికీ ఒక అబద్ధం తయారు చేసుకున్నాను. రోలు బయటికి పోయినప్పుడు గంట్లు పెట్టించడానికి అన్నాను. పరుపు పోయినప్పుడు దూది ఏకించడానికి. ఇత్తడి గిన్నెలు కళాయికి. మంచం నులక మార్చడానికి.

"ఇంట్లో ఒక్క వస్తువన్నా బాగుండేది లేదామ్మా?" అన్నాడు ఇంటాయన ఒకరోజు.

"మీ గోడలు బాగుండాయి కదయ్యా, ఒక్క మేకన్నా కొట్టలేదు," అన్నాను.

ఆయన నవ్వాడు. "పంపించు పంపించు. నాకు తెలవదనుకున్నావా? సామాన్లు యాడికన్నా పోనీ. బీగంచెవి మీ కాడ ఉండాది, నాకదే చాలు."

ఆడి పుట్టడానికి నాలుగు రోజులు మిగిలాయి. ఆ గురువారానికి ఇల్లంతా బోసిగా ఉంది. రెండు చాపలు, ఒక దీపం, ట్రంకుపెట్టె, మా అత్త. తిరువళ్ళూరు ముసలమ్మ వేరేవాళ్ళకు ఇల్లు చూపించిందని, తెల్లారి మొదటి బండికి వస్తానని మా ఆయన కబురు పంపాడు. ఒక చాప మీద నేను, ఒక చాప మీద మా అత్త. మాట్లాడితే గోడలు తిరిగి మాట్లాడుతున్నాయి. నాకు ఏడుపొచ్చేసింది. అంతవరకూ కోపంతో నెట్టుకొచ్చాను. ఇప్పుడు కోపం కూడా అయిపోయింది.

"రేపు ఇచ్చి చూస్తానత్తా, ఆయన కాళ్ళ మీద పడతాను," అన్నాను.

"రేపు శుక్రవారమే పిచ్చిదానా," అంది మా అత్త. "శుక్రవారం ఇంట్లోంచి ఏదీ బయటికియ్యకూడదు, పసుపు కుంకుమ తప్ప."

ఆ మాట విని నేను లేచి కూర్చున్నాను. నన్ను తేలు కుట్టిందేమోనని మా అత్త దీపం నా దగ్గరికి జరిపింది. నేను ట్రంకుపెట్టె తెరిచి అడుగున ఉన్న రసీదుల కట్ట బయటికి లాగాను. రెండేళ్ళ రసీదులు. ప్రతిదాని కిందా అదే వంకర సంతకం. ఇంటాయన పేరు ఎక్కడా లేదు, ఒక్కచోట కూడా లేదు.

"అత్తా, శుక్రవారం ముత్తైదువకు వాయనమిస్తే వద్దంటుందా?"

"అంటే కళ్ళు పోవూ!"

మా అత్తకు అంతకు మించి చెప్పలేదు. చెబితే శాస్త్రం వెతుకుతుంది.

మర్నాడు పొద్దున మొదటి బండికి మా ఆయన వచ్చాడు. విషయం చెవిలో చెప్పాను. ఆయన మొహం తెల్లబోయింది.

"అది మోసం కాదంటావా?"

"నోటీసు ఆయనే రాసి ఆయనే తీసుకోకపోవడం ఏంటో చెప్పండి ముందు."

ఆయన్ను పోయి జట్కాబండిని వీధి మొదట్లో నిలబెట్టి రమ్మన్నాను. పదిన్నరకు రాహుకాలం. ఆలోగా ఇల్లు దాటాలని మా అత్త ఇప్పటికే నాలుగుసార్లు చెప్పింది.

తలంటు పోసుకున్నాను. పళ్ళెంలో ముందు బీగంచెవి పెట్టాను. దాని మీద ఆకుపచ్చ రవికెగుడ్డ పరిచాను. దాని మీద ఒక కట్ట తమలపాకులు, వక్కలు, పసుపు కొమ్ములు, కుంకుమ పొట్లం, రెండు అరటిపళ్ళు, మూరెడు మల్లెపూలు. చెవి పొడుగు వల్ల పళ్ళెం ఒక పక్క కొంచెం ఎత్తుగా ఉంది. అక్కడ ఇంకో అరటిపండు పెట్టాను.

ఇంటామె వాకిట్లో ముగ్గు వేసి లేస్తోంది. ఇంటాయన తిన్నె మీద పేపరు చదువుకుంటున్నాడు.

"అక్కా, మా ఆయన కడుపునొప్పి పోవల్లని మొక్కుకున్నా. వాయనం పుచ్చుకోవల్ల," అన్నాను. అబద్ధం కాదు. ఆ మొక్కు నిజంగానే మొక్కుకున్నాను, ఆ ఉదయమే.

ఇంటామె కాళ్ళు కడుక్కుని వచ్చి గడపలో నిలబడింది. కాళ్ళకు పసుపు రాశాను, బొట్టు పెట్టాను. పళ్ళెం మీద నా కొంగు కప్పాను. ఆమె తన కొంగు పట్టి కిందనుంచి చేతులు చాచింది. ఆడవాళ్ళ వాయనం ఎప్పుడూ కొంగు చాటునే కదా చేతులు మారేది. ఆ ఆచారం పెట్టిన ముత్తవ్వకు మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

"ఇస్తినమ్మ వాయనం," అన్నాను. నా గొంతు నాకే వినబడలేదు.

"పుచ్చుకుంటినమ్మ వాయనం," అంది ఆమె.

తిన్నె మీద పేపరు కిందికి దిగింది. "ఏమే, మొగుడి కడుపు కోసరం మొక్కుకున్నాదంట కదా ఆ అమ్మాయి. కొంచెం గట్టిగా చెప్పండి ఇద్దురూ. మూడుసార్లూ చెప్పవల్ల," అన్నాడు ఇంటాయన. పద్ధతి ప్రకారం జరగని పని ఆయన చూడలేడు.

"ఇస్తినమ్మ వాయనం," అన్నాను గట్టిగా.

అప్పుడు ఇంటామె చేతులు పళ్ళెం అడుగున సర్దుకుంటూ ఆ ఎత్తైన పక్కకు వచ్చాయి. ఆకుల కిందికి ఆమె వేళ్ళు పోయాయి. ఆగిపోయాయి. ఆమె తలెత్తి నా మొహంలోకి చూసింది. ఆమె ఒక్క మాట అంటే చాలు, పళ్ళెం వెనక్కి వస్తుంది, తిరువళ్ళూరు ఇల్లు పోతుంది. వెనక మా ఆయన ట్రంకుపెట్టె పట్టుకుని నిలబడే ఉన్నాడు.

"పుచ్చుకుంటినమ్మ వాయనం," అంది ఇంటామె, వీధి మొదట్లో ఉన్న బండివాడికి వినబడేటట్టు.

మూడోసారి కూడా అంతే గట్టిగా అంది. అని, పళ్ళేన్ని గుండెకు ఆనించుకుని లోపలికి పోయింది.

నేను రసీదుల కట్ట నడుములో దోపుకుని తిన్నె దగ్గరికి పోయి దణ్ణం పెట్టాను.

"పోయొస్తామయ్యా."

"పోయి రండమ్మా, పోయి రండి. బీగంచెవి పదిలం."

"మా కాడ లేదయ్యా."

"మరి యాడుండాది?"

లోపలినుంచి ఇంటామె వచ్చి గడపలో నిలబడింది. చేతిలో చెవి. దానికి పసుపు అంటుకుని ఉంది. ఇంటాయన లేచి నిలబడ్డాడు. రెండేళ్ళలో ఆయన తిన్నె మీద నిలబడగా చూడడం అదే మొదలు.

"ఇది చెల్లదు! ఆడోళ్ళ తాంబూలంలో వేసిస్తే ఇచ్చినట్టవుతుందా? నేను తీసుకోలే! నా చేతికి రాలే!"

నేను రసీదుల కట్ట తీసి ఆయన ముందు పెట్టాను.

"ఈ సంతకం ఎవురిదయ్యా? రెండేండ్లు బాడుగ పుచ్చుకున్నది ఆమె. ఇల్లు ఆమెది. బీగంచెవి పుచ్చుకున్నదీ ఆమే. మూడుసార్లు చెప్పి పుచ్చుకున్నాది. మీరే చెప్పమంటిరి. మీరే సాక్షి."

ఇంటాయన కూర్చున్నాడు. కళ్ళజోడు పెట్టుకున్నాడు. ఒక్కొక్క రసీదూ తీసి వెలుతురుకు పట్టి చూశాడు. తన రాతే. ఇరవై నాలుగూ చూశాడు. మా అత్త వెనకనుంచి "రాహుకాలం, రాహుకాలం" అంటూనే ఉంది. చివరి రసీదు కింద పెట్టి ఆయన తల పైకెత్తాడు. కోపం ఉంటుందనుకున్నాను. లేదు. ముప్పై ఏళ్ళ కిందటి గుమాస్తా ఆ మొహంలో వెలిగిపోతున్నాడు.

"పాయింటు ఉండాదమ్మా," అన్నాడు. "మా వకీలుకు కూడా ఇట్లాంటిది తట్టిండదు. ఏమబ్బా, నువ్వు పార్సెలాఫీసులో ఏంటికి? ఈమెను పంపు కోర్టుకు."

అంతలో ఓడిపోయింది తనేనని గుర్తొచ్చినట్టుంది. మొహం వేలాడేసుకుని పేపరు అడ్డం పెట్టుకున్నాడు. నాకు ఒక్క క్షణం జాలేసింది. ఒక్క క్షణమే.

తిరువళ్ళూరులో దిగేసరికి రాహుకాలం నడుస్తోంది. పన్నెండు దాటేదాకా కొత్తింటి తిన్నె మీద మేము ముగ్గురం ట్రంకుపెట్టె ముందు పెట్టుకుని కూర్చున్నాం. ముసలమ్మ లోపలినుంచి రెండు నిమిషాలకొకసారి తొంగిచూసేది. పన్నెండు కాగానే "ఉళ్ళ వాంగమ్మా," అని లోపలికి పిలుస్తూ తలుపు బార్లా తీసింది. పాలు పొంగాయి. మా ఆయన ఆ మధ్యాహ్నం మూడుసార్లు అన్నం పెట్టించుకున్నాడు. నేను వంటింట్లో గోడకు ఒక మేకు కొట్టాను. దేనికీ కాదు, ఊరికే.

ఆడి కృత్తికకు కావళ్ళ జనంలో పడి కొండకు పోయి, దిగేటప్పుడు ఇంటామెను చూడకుండా రాలేకపోయాను. ఇంటాయన తిన్నె మీద అర్జీ రాసుకుంటున్నాడు, పలకరించినా తలెత్తలేదు. ఇన్‌స్పెక్టరుకు ఇల్లు ఇప్పించారట. ఆయనకు కూడా ఆడి అడ్డమే, నెల పోయినాక గాని రాడు. మా సగం ఖాళీగానే ఉంది. బీగంచెవి ఇంటామె నడుముకు వేలాడుతోంది.

లోపలికి పిలిచి నాకు బొట్టు పెట్టి తాంబూలం ఇచ్చింది. నేను అలవాటుగా ఆకుల కింద తడిమి చూశాను. ఆమె కడుపుబ్బ నవ్వింది. ఆమె నవ్వడం నేను రెండేళ్ళలో చూడలేదు.

"అక్కా, ఆ రోజు చెవి చేతికి తగిలింది కదా. ఏంటికి గమ్మునుండావు?"

ఆమె చెవిని ఒకసారి చేతిలో తిప్పి చూసుకుంది.

"మధ్యాన్నం పూట బీగం తీసుకుని ఆ పక్కకు పోయి కాసేపు పడుకుంటా పాపా. ఎవురూ పిలవరు. ఈయనకు ఏమన్నా కావాలంటే తలుపు తట్టవల్ల." గొంతు తగ్గించింది. "ముప్పై ఏండ్లుగా ఈ ఇల్లు నాదని ఊరంతా చెప్తా ఉండారు. దాని బీగంచెవి నా చేతిలో పెట్టింది నువ్వొక్కదానివే."